సూరత్ సినిమా సూరత్‌కి ఎప్పుడొస్తుంది?

2017 బతుకమ్మ పండక్కి తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి ఊరూరా చీరలు పంచింది. కోటి దాకా కావాల్సి వచ్చాయి. సిరిసిల్ల మరమగ్గాలు గడువులోగా అన్ని నెయ్యలేవు కాబట్టి మిగతావి సూరత్ నుంచి తెప్పించారు. పంపకం మొదలైందో లేదో కొన్నిచోట్ల గొడవ. ఇవేం చీరలని ఆడవాళ్ళు రోడ్డు మీద కుప్పపోసి నిప్పంటించారు. టీవీల్లో ఆ మంటలే. నాసిరకం అన్నమాటకి సూరత్ అనే పేరు అతుక్కుపోయింది. అయితే ఆ గుడ్డ ఏ మగ్గం మీద దిగిందో, ఆ మగ్గం ముందు ఎవరు నిలబడ్డారో ఎవరూ అడగలేదు. నిలబడ్డది సిరిసిల్ల నుంచో, చౌటుప్పల్ నుంచో వలస పోయిన మన పద్మశాలే అయ్యుండొచ్చు.

సూరత్ మనకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. చరిత్ర పుస్తకం చదివినవాళ్ళకు 1907 కాంగ్రెస్ చీలిక. కాస్త వయసు మళ్ళినవాళ్ళకు 1994 సెప్టెంబరు ప్లేగు, కిక్కిరిసిన రైళ్ళు, మూతికి రుమాళ్ళు. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఊరిని చీపురు పట్టించి దారిలో పెట్టిన కథ సివిల్స్ కుర్రాళ్ళు ఇప్పటికీ నోట్సులో రాసుకుంటారు. బట్టల కొట్టు పెట్టుకున్నవాళ్ళకు సూరత్ అంటే రింగు రోడ్డు మార్కెట్, పార్శిల్ ఆఫీసు, అప్పు ఖాతా.

అదే ఊళ్ళో మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు నడుపుతోందంటే చాలామంది నమ్మరు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులోనూ అక్కడ సర్కారు బడి ఉంది. మునిసిపాలిటీ ఊరికే బడి పెట్టదు. పిల్లలుంటేనే పెడుతుంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చేమగ్గం కూడు పెట్టడం మానేశాక పద్మశాలీలు షోలాపూర్, భీవండి, సూరత్ దారి పట్టారు. లింబాయత్, ఉధనా వైపు వీధుల్లో ఒక గుమ్మం ముందు మరాఠీ, పక్క గుమ్మం ముందు తెలుగు, ఎదుటి మెస్సులో ఒడియా. మగ్గాల మీద పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది గంజాం జిల్లావాళ్ళు. మన ఇచ్ఛాపురం దాటితే గంజామే.

ఈ ఊరి లోపలికి వెళ్ళి చూసిన సినిమా ఒకటుంది. పేరు 'మషీన్స్'. రాహుల్ జైన్ తీశాడు. 2016 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవంలో మొదట చూపించారు. 2017 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో ఛాయాగ్రహణానికి ప్రత్యేక జ్యూరీ అవార్డు వచ్చింది. కెమెరా పట్టింది రోడ్రిగో ట్రెహో విల్యానువేవా. సూరత్ పక్కన సచిన్ అనే పారిశ్రామిక వాడలో ఒక బట్టల మిల్లు లోపల, గంటంబావు సేపు, అంతే. వ్యాఖ్యానం లేదు. నేపథ్య సంగీతం లేదు. మిల్లు చప్పుడే సంగీతం అనుకోవాలి.

రాహుల్ జైన్ ఢిల్లీ కుర్రాడు, కాలిఫోర్నియాలో సినిమా చదువుకున్నాడు. వాళ్ళ తాతకు సూరత్‌లో చిన్న బట్టల మిల్లు ఉండేది, చిన్నప్పుడు అందులో ఆడుకున్నాడు. ఆ యంత్రాల మధ్య తను ఆడుకున్న వయసులోనే ఇంకొకడు పని చేస్తున్నాడని పెద్దయ్యాక తెలిసొచ్చింది. సినిమా పుట్టింది అక్కడే. ఒకప్పటి మిల్లు యజమాని మనవడు కాబట్టే గేటు తెరుచుకుందని ఎవరైనా దెప్పొచ్చు. దెప్పినా ఆ మాట సినిమాను తక్కువ చేయదు. గేటు తెరిపించుకోలేనివాడు తీసే సినిమా గేటు బయటే ఆగిపోతుంది.

చీర కట్టుకునేవాళ్ళకు ఆ లోపల ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. మగ్గం మీద దిగే గుడ్డకు రంగుండదు, మట్టిరంగు తెలుపు. దాన్ని సూరత్‌లో 'గ్రే' అంటారు. అది మిల్లుకొచ్చి ఉతుకు, రంగు, అచ్చు, ఆవిరి, మళ్ళీ ఉతుకు, ఆరబోత దాటి చీరగా బయటపడుతుంది. స్టెంటర్ అని ఒక పొడవాటి యంత్రం ఉంటుంది. తడిగుడ్డను రెండంచుల్లోనూ పట్టి లాగుతూ వేడిగాలిలోంచి నడిపిస్తుంది. దాని పక్కన నిలబడ్డ మనిషికి వేసవి, చలికాలం తేడా తెలియదు. రంగుల గదిలో డ్రమ్ములో పొడి పోసి కలుపుతారు. సినిమాలో ఆ కలిపే మనిషి చేతులు మోచేతుల దాకా రంగులో ఉంటాయి. తొడుగులు లేవు. పక్కన ఇంకొకడు గుడ్డ మూటను వీపు మీద వేసుకుని జారే నేల మీద నడుస్తుంటాడు. కెమెరా వాడి వెనకే, వాడి నడక వేగంతోనే, మలుపు మలుపూ తిరుగుతుంది. చూస్తున్నవాడికి మిల్లు ఎంత పెద్దదో లెక్కలతో కాదు, కాళ్ళ నొప్పితో అర్థమవుతుంది.

ఒక కుర్రాడుంటాడు. యంత్రం ముందు నిలబడి నిద్రతో పోట్లాడుతుంటాడు. కళ్ళు మూతపడతాయి, తల వాలుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు, మళ్ళీ వాలుతుంది. కెమెరా కదలదు. మనకు కంగారు మొదలవుతుంది. వాడి చెయ్యి ఎక్కడుంది, యంత్రం పళ్ళు ఎక్కడున్నాయి అని కళ్ళు వెతుకుతాయి. ఈ ఒక్క దృశ్యం కోసమైనా బాలకార్మిక చట్టం గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఆ సినిమా వెయ్యాలి. ఉపన్యాసం మానేసినా నష్టం లేదు.

పన్నెండు గంటల షిఫ్టు. అప్పు చేసి రైలెక్కి వచ్చినవాళ్ళు. నన్నెవరూ బలవంతం చేయలేదు, నా అంతట నేనే వచ్చాను, ఇది దోపిడీ ఎలా అవుతుందని ఒక కార్మికుడే అంటాడు. వినేవాడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. అద్దాల గదిలో యజమాని సీసీటీవీ తెరల ముందు కూర్చుని కార్మికుల గురించి తన అభిప్రాయాలు చెబుతాడు. కూలీ పెంచితే పని మీద శ్రద్ధ పోతుందన్నది ఆయన నమ్మకం. మాటలో దాపరికం లేదు. ఆయన కూడా కెమెరాలతోనే కూలీలను చూస్తున్నాడన్న సంగతి దర్శకుడు నోరు విప్పి చెప్పడు, చూపించి వదిలేస్తాడు.

చివర్లో మిల్లు బయట గుంపు కెమెరాను చుట్టుముడుతుంది. నువ్వెందుకొచ్చావు, ఇదంతా తీసి ఏం చేస్తావు, నాయకులు వచ్చిపోయినట్టు నువ్వూ పోతావు కదా, మేమేం చెయ్యాలో చెప్పు, చేస్తాం అంటారు. దర్శకుడి దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడాన్ని కత్తిరించి పారేయకుండా సినిమాలో ఉంచినందుకు అతన్ని మెచ్చుకోవాలి. ప్రపంచమంతా తిరిగిన ఆ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆ రెండు నిమిషాలే. అక్కడ చూసేవాడూ చూడబడేవాడూ మొహాలు చూసుకున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి ఆట పడటం యాదృచ్ఛికమే కానీ, చరిత్ర తెలిసినవాడికి చురుక్కుమంటుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు సూరత్‌లో కోఠీ పెట్టి గుడ్డలు కొన్నారు. అంతకుముందే మన మచిలీపట్నంలో కోఠీ తెరిచారు. సూరత్‌లో ఇప్పటికీ డచ్చి సమాధుల తోట ఉంది. మలబారు మొక్కల మీద మహాగ్రంథం వేయించిన వాన్ రీడ్ సమాధి, గుమ్మటాలతో నవాబు సమాధిలా, అందులోనే. ఆ కోఠీల చిట్టాల్లో గుడ్డల పొడవు, వెడల్పు, ధర ఉన్నాయి. నేసినవాడి పేరు దొరకడం అరుదు. తర్వాత మూడువందల ఏళ్ళకు ఒక డచ్చి సామాజిక శాస్త్రవేత్త, యాన్ బ్రెమన్, 1962లో దక్షిణ గుజరాత్ పల్లెలకు వచ్చాడు. మొదట పొలం కూలీల వెంట తిరిగాడు. ఆ కూలీలు పట్నం దారి పడితే వాళ్ళ వెనకే సూరత్ మగ్గాల షెడ్లకూ వజ్రాల గదులకూ వెళ్ళాడు. దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 2000లో ఫోటోగ్రాఫర్ రవి అగర్వాల్ బొమ్మలతో దక్షిణ గుజరాత్ కూలీల మీద ఒక పుస్తకమే వేశారు. సూరత్‌లోని దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఐ.పి. దేశాయ్ స్థాపించిన సామాజిక అధ్యయన కేంద్రం ఉంది. 1969లో మొదలైన ఆ సంస్థ పరిశోధకులు కూడా ఇదే నేల మీద పనిచేశారు. అంటే సూరత్‌ను చదివినవాళ్ళకు కొదవ లేదు. చదివింది సూరత్ కూలీకి చేరే దారే లేదు.

ఇదేమీ సూరత్‌కే పట్టిన జబ్బు కాదు. మనుషుల జీవితాల్ని పరిశీలించే సినిమా పుట్టిందే ఈ జబ్బుతో. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ 'నానూక్' తీశాడు. కెనడా ఉత్తరాన మంచులో బతికే వేటగాడి కథ. డబ్బు పెట్టింది రెవియోఁ ఫ్రేర్ అనే బొచ్చుతోళ్ళ వ్యాపారుల కంపెనీ. నిజంగా ఆ మనుషులు అప్పటికే తుపాకులు వాడుతున్నారు. దర్శకుడు వాళ్ళ చేత పాతకాలం బల్లేలు పట్టించాడు. కెమెరాకు వెలుతురు చాలదని మంచు ఇంటిని సగానికి కోయించి కట్టించాడు. లోకం ముచ్చటపడి చూసింది. అది డాక్యుమెంటరీకి ఆదికావ్యం అయింది. ఆదికావ్యం లోపలే అంత కల్పన ఉంది మరి.

ఫ్రెంచివాడు జాఁ రూష్ ఇంజనీరుగా ఆఫ్రికా వెళ్ళి మనుషుల్ని చూసి సినిమాలోకి దిగినవాడు. 1954లో ఘానాలోని అక్రా నగరంలో, నైజర్ నుంచి వలస వచ్చిన కూలీల మీద 'లే మేత్ర్ ఫూ' తీశాడు. ఆ కూలీలకు హౌకా అనే పూనకం ఉండేది. వాళ్ళ ఒంటి మీదికి వచ్చేది దేవుడు కాదు, గవర్నరు. రైలు డ్రైవరు. సార్జెంటు. ఆదివారం ఊరి బయట తోటలో చేరి, చెక్క తుపాకులతో కవాతు చేసి, నోట నురగలు కక్కి, గవర్నరు బొమ్మ నెత్తిన గుడ్డు పగలగొట్టి, సోమవారం మళ్ళీ తట్టా పారా పట్టుకుని పనిలోకి దిగేవాళ్ళు. బోనాల్లో రంగం చూసినవాళ్ళకు, జాతరలో గణాచారి కేకలు విన్నవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ఒంటి మీదికి దొర రావడం ఒక్కటే కొత్త.

ఆ సినిమాను పారిస్ మ్యూజియంలో చూపించినప్పుడు పెద్ద రగడ అయింది. రూష్ గురువు మార్సెల్ గ్రియోల్ దాన్ని తగలబెట్టమన్నాడు. చూడటానికి వచ్చిన ఆఫ్రికన్ విద్యార్థులూ అదేమాట అన్నారు. కారణాలు వేరు. గురువుకు అది తెల్లవాళ్ళను వెక్కిరించినట్టుంది. విద్యార్థులకు నల్లవాళ్ళను అడవిమనుషులుగా చూపినట్టుంది. 1957లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. తర్వాత సెనెగల్ రచయిత, దర్శకుడు సెంబేన్ ఉస్మాన్ రూష్ మొహం మీదే చెప్పాడు, మీరు మమ్మల్ని పురుగుల్ని చూసినట్టు చూస్తారని.

రూష్ జీవితంలో నాకు ఇష్టమైన ముచ్చట మాత్రం ఇంకొకటి. నైజర్ నది మీద నీటిఏనుగు వేటను తీసిన పాత సినిమాను ఆయన ఆ ఊరికే మోసుకెళ్ళి, దుప్పటి కట్టి వేశాడు. ఊరంతా కూర్చుంది. తమ మనుషుల్ని, చనిపోయినవాళ్ళను కూడా తెర మీద చూసి ఏడ్చారు, నవ్వారు. మళ్ళీ వెయ్యమన్నారు. ఆ తర్వాత తప్పులు పట్టడం మొదలుపెట్టారు. వేట రసకందాయంలో ఉన్నప్పుడు రూష్ వేటగాళ్ళ పాటను వెనకాల కలిపాడు. అది వాళ్ళదే, వేటగాళ్ళకు ధైర్యమిచ్చే పాట. అయినా వేటగాళ్ళు ఒప్పుకోలేదు. నీటిలో ఉన్న మృగానికి ఆ పాట వినిపిస్తే పారిపోతుంది, వేటప్పుడు చప్పుడు ఉండకూడదు, తీసెయ్ అన్నారు. పారిస్‌లో ఏ పండితుడూ పట్టని తప్పది. రూష్ ఆ పాట తీసేశాడు. తీయబడ్డవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని సినిమా తీయాలన్న పట్టుదల ఆయనకు బలపడింది ఇలాంటి రాత్రుల్లోనే.

ఈ గొడవలన్నీ చర్చించుకోవడానికే ప్రత్యేకంగా ఉత్సవాలు పుట్టాయి. 1959లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 'ప్రజల పండుగ' అనే పేరుతో ఒకటి. 1977లో న్యూయార్క్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో మార్గరెట్ మీడ్ పేరు మీద ఇంకొకటి. 1982లో పారిస్‌లో రూష్ తానే ఒకటి మొదలుపెట్టాడు, ఇప్పుడది ఆయన పేరుతోనే నడుస్తోంది. 1985లో లండన్ రాయల్ ఆంత్రపాలజికల్ ఇన్‌స్టిట్యూట్. మన దేశంలో 1990 నుంచి ముంబైలో ప్రభుత్వం డాక్యుమెంటరీల ఉత్సవం నడుపుతోంది. 2004 ఉత్సవానికి సెన్సారు సర్టిఫికెట్ ఉంటేనే సినిమా పంపాలని మెలిక పెడితే దర్శకులు తిరగబడి, 'వికల్ప్' అని పోటీ ఉత్సవం పెట్టుకున్నారు. గుజరాత్ అల్లర్ల మీద రాకేశ్ శర్మ తీసిన సినిమా ఆ ఏటి గొడవలో నడిమధ్యన ఉంది.

ఇన్ని ఉత్సవాలున్నా ఒక సంగతి మారలేదు. తీసేది ఒకచోట, చూసేది వేరొకచోట.

తెలుగు నేల మీదా ఈ కథ ఉంది, రెండు కొసలూ ఉన్నాయి. మొదటి కొస ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి. మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి భారతదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. జైల్లో పెట్టకుండా నిజాం రాజ్యం ఎల్లలు దాటకుండా ఉండమన్నారు. శిక్షలాంటి ఆ ఏర్పాటు మనకు వరమైంది. నల్లమలలో చెంచుల దగ్గరికి, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్‌లో రాజగోండుల దగ్గరికి భార్య బెట్టీతో కలిసి నడిచాడు. మూడు తెగల మీదా పుస్తకాలు రాశాడు. గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను 1940లో కాల్చి చంపింది ఆదిలాబాద్ అడవుల్లోనే. గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని నిజాం సర్కారు ఇలాంటివాణ్ణే అడగాల్సొచ్చింది. మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్ళకు శిక్షణ కేంద్రం మొదలైంది. భూములకు పట్టాలిప్పించే పని చేశాడు. అంటే మిల్లు గేటు ముందు 'మేమేం చెయ్యాలో చెప్పు' అన్న ప్రశ్న ఆయనకు ఎదురైతే, ఏదో కొంత జవాబు ఆయన దగ్గర ఉండేది.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూసింది. సమాధి మార్లవాయిలో. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలనూ తర్వాత ఆమె పక్కకే చేర్చారు. ఏటా జనవరిలో అక్కడ గోండులు వాళ్ళను తలచుకుంటారు. జీవితమంతా ఆయన తీసిన వేల ఫోటోలు, గంటలకొద్దీ పదహారు ఎం.ఎం. ఫిల్ము మాత్రం లండన్‌లో ఆసియా, ఆఫ్రికా చదువుల సంస్థ సోయస్‌లో ఉన్నాయి. ఆయన కెమెరా చూసిన గుస్సాడీ నాట్యం ఆ ఊళ్ళో చావలేదు. 2021లో గుస్సాడీకి పద్మశ్రీ అందుకున్న కనకరాజుది మార్లవాయే. మనిషి ఊరివాడయ్యాడు, సమాధి ఊరిదయింది. బొమ్మలు మాత్రం సముద్రం అవతలే ఉండిపోయాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఇంటర్నెట్‌లోకి ఎక్కింది కాబట్టి మార్లవాయి కుర్రాడు సెల్‌ఫోన్లో చూసుకోగలడు. చూసి, ఈయన మా ముత్తాత అని పేరు రాయగలిగే చోటు కూడా ఉంటే బాగుంటుంది.

రెండో కొస జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల ఊళ్ళ దళిత మహిళల సంఘాలతో చిరుధాన్యాల సాగు పని చేసేది. దాని స్థాపకుల్లో ఒకడైన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవాడు. రాయడం చదవడం రాని ఆడవాళ్ళ చేతికి వీడియో కెమెరా ఇస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. 2001 నాటికి ఆ మహిళలు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. కెమెరా కోణాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు సినిమా బడుల్లో పాఠంగా చెప్పాలి. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింద కూర్చుని పైకి చూస్తే బానిస షాట్. ఎదురెదురుగా, కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తే సంఘం షాట్. వాళ్ళు తీసేది సంఘం షాటే. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తరాల అనుభవం లోంచి వచ్చిన వ్యాకరణమది. ఏ విశ్వవిద్యాలయం కనిపెట్టగలదు?

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఈ మహిళలు ఆ పంట కాలమంతా వరంగల్ రైతుల చేల వెంట కెమెరాతో తిరిగారు. విత్తు వేసినప్పటి ఆశ, కాయ కాసినప్పటి అనుమానం, తీతలు అయ్యాక లెక్క, ఒక్కో దశలోనూ అదే రైతు దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగారు. పత్తి చేలో పనిచేసిన ఆడమనిషి పత్తి రైతును అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. పురుగు మందు ఎన్నిసార్లు కొట్టావని కాదు, పోయినేడు ఎన్నిసార్లు కొట్టావు, ఈ ఏడు ఎన్నిసార్లు కొట్టావు, కూలీకి ఎంత పోయింది అని. అలా తీసిన సినిమా 2003లో వచ్చింది, విదేశాలకూ వెళ్ళింది. 2008 అక్టోబరులో వాళ్ళదే సంఘం రేడియో గాలిలోకొచ్చింది. సతీష్ 2023 మార్చిలో పోయాడు. కెమెరాలు ఆగలేదు. సంక్రాంతి రోజుల్లో జరిగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు ఊరేగుతుంటే, పక్కన నడుస్తూ తీసేది ఆ ఊళ్ళ ఆడవాళ్ళే.

మార్లవాయికీ పస్తాపూర్‌కీ మధ్య అరవై ఏళ్ళ దూరం. సూరత్ తెలుగువాడు ఆ రెంటిలో దేనికీ చేరువలో లేడు. ఊరు వదిలినవాడు కాబట్టి తెలంగాణ పరిశోధకుడికి అక్కర్లేదు. గుజరాతీ కాడు కాబట్టి అక్కడి పరిశోధకుడికి ఒడియావాడి తర్వాతే గుర్తొస్తాడు. అతని మీద సినిమా తీస్తే మగ్గం ఒక్కటీ చాలదు. కూలీ మీటర్ల లెక్కన కడతారు కాబట్టి ఒక్కడు ఏకకాలంలో ఎన్ని మగ్గాల మధ్య తిరుగుతాడో, దారం తెగితే ఎన్ని అడుగులు పరిగెత్తుతాడో చూపించాలి. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి వేళ్ళతో, పెదాలతో మాట్లాడుకుంటారు. ఆ సైగల్లో తెలుగు ఎంత, గుజరాతీ ఎంత, ఎవరికీ చెందని మగ్గం భాష ఎంత? మార్కండేయుణ్ణి కులదైవంగా కొలిచే పద్మశాలీకి మగ్గం దేవుడిచ్చిన వృత్తి. ఆ మగ్గమే సేఠ్‌ది అయ్యాక దేవుడితో లెక్క ఎలా కుదుర్చుకున్నాడు? బతుకమ్మకు తంగేడు పువ్వు తాపీ నది ఒడ్డున ఎక్కడ దొరుకుతుంది? మునిసిపాలిటీ తెలుగు బడి దాటిన పిల్ల తర్వాత ఏ భాషలోకి దూకుతుంది? ఒంటి మీదికి గవర్నర్లను రప్పించుకున్న హౌకా కూలీల మీద రూష్ పెట్టిన శ్రద్ధలో సగం పెట్టినా చాలు, ఇదంతా తెర మీదికి వస్తుంది.

అయితే తీయడం కంటే ముందు చేయాల్సింది చూపించడం. ప్రపంచ మానవ జీవిత చిత్రాల ఉత్సవం అని పేరు పెట్టి, సూరత్‌లోనే నాలుగు రోజులు జరపొచ్చు. హాలు కోసం వెతుక్కోనక్కర్లేదు. విశ్వవిద్యాలయంలో దేశాయ్ పెట్టిన కేంద్రం ఉంది, లింబాయత్‌లో బడి మైదానాలు ఉన్నాయి. మొదటి సినిమా 'మషీన్స్' అవ్వాలి. దాంట్లో మాటలు తక్కువ, అది ఇక్కడ మంచికే. కింద పడే అక్షరాలు చదవలేనివాడికీ అర్థమవుతుంది. ఆట అయ్యాక లైట్లు వేసి, రూష్‌కు నీటిఏనుగు వేటగాళ్ళు చెప్పినట్టు, స్టెంటర్ ఆపరేటర్లు ఇందులో తప్పేమిటో చెప్పాలి. తప్పకుండా దొరుకుతుంది. ఏ మూల చూపించలేదో, ఏ మూల చూపించనివ్వలేదో వాళ్ళకే తెలుసు. ఆ మాటల్ని ఒడియాలో, తెలుగులో, భోజ్‌పురీలో రికార్డు చేసి, ఆమ్‌స్టర్‌డామ్‌కు పంపాలి. ఈసారి అక్కడివాళ్ళు కింద అక్షరాలు చదువుకుంటారు. రెండోరోజు పస్తాపూర్ మహిళలను పిలవాలి, సినిమాతో కాదు, కెమెరాలతో. కార్ఖానాలో కెమెరా తిప్పనివ్వరు, నిజమే. గదుల్లో, మెస్సుల్లో, రైల్వే ప్లాట్‌ఫారం మీద తిప్పొచ్చు. పన్నెండు మంది పడుకునే గదిలో సంఘం షాట్‌కు చోటెక్కడ దొరుకుతుందో వాళ్ళే వెతుక్కుంటారు.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. సెలవులు కదా అని దీపావళికి పెడితే హాలు ఖాళీ. లాభ్ పంచమి దాకా మార్కెట్ మూసేస్తారు, వలస కూలీ దొరికిన రైలెక్కేస్తాడు. ఆదివారం సాయంత్రం పెడితే పగటి షిఫ్టువాళ్ళు వస్తారు, రాత్రి షిఫ్టువాళ్ళు అప్పటికే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి ఉంటారు. ప్రతి సినిమాకూ రెండు ఆటలు ఉండాల్సిందే. రాత్రి ఎనిమిదికి ఒకటి, పొద్దున్న ఏడు గంటలకు మగ్గం దిగి వచ్చేవాళ్ళ కోసం ఎనిమిదిన్నరకు ఇంకొకటి, చాయ్‌తో సహా.